రెండు ఫెయిళ్ళ ఐగోనా, మచ్చ లేని 208నా: ఎంఓటీ చరిత్ర చదివే పద్ధతి

మీరు అడిగింది ఇదీ. లెస్టర్‌లో కేర్ ఉద్యోగం, రోజుకు 30 మైళ్ళ తిరుగుడు, చేతిలో 2,500 పౌండ్లు. చూసిన కార్లు రెండు. ఒకటి 2009 టయోటా ఐగో 1.0 పెట్రోల్, 79 వేల మైళ్ళు, 1,650 పౌండ్లు. ఎంఓటీ (ఇక్కడ ఏటా జరిగే వాహన భద్రతా పరీక్ష) చరిత్రలో రెండు ఫెయిళ్ళు, బోలెడు అడ్వైజరీలు (ముందస్తు హెచ్చరికలు). ఇంకొకటి 2014 ప్యూజో 208, 1.2 పెట్రోల్, 54 వేల మైళ్ళు, 2,300 పౌండ్లు. ఏటా పాసే, ఒక్క మచ్చ లేదు. "రెండోదే కదా మంచిది?" అన్నారు.

మీరు పంపిన వివరాలను బట్టి నేనైతే ఐగో వైపు మొగ్గుతాను. అదీ ఎడమ సిల్‌కు (తలుపుల కింది రేకుకు) వేసిన వెల్డింగ్ కళ్ళారా చూశాకే. 208 కొనాలంటే ఒక బిల్లు కావాలి. ఆ బిల్లు అమ్మేవాళ్ళ దగ్గర చాలాసార్లు ఉండదు.

మన ఊళ్ళో ఎఫ్‌సీ అంటే లారీలకూ ఆటోలకూ సంబంధించిన వ్యవహారం. సొంత కారైతే పదిహేనేళ్ళకు ఆర్‌సీ రెన్యువల్ వచ్చేదాకా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మొహం చూడక్కర్లేదు. అందుకే ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళు "12 నెలల ఎంఓటీ ఉంది" అన్న మాట వినగానే కారు బాగున్నట్టే అనుకుంటారు. బ్రిటన్‌లో మూడేళ్ళు నిండిన ప్రతి కారూ ఏటా ఈ పరీక్షకు వెళ్ళాలి. ఉత్తర ఐర్లండ్‌లో నాలుగేళ్ళు. ఇందులో చూసేవి బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, టైర్లు, లైట్లు, సీటు బెల్టులు, బాడీ తుప్పు, పొగ. ఇంజిన్ ఎంత అరిగింది, గేర్‌బాక్స్ ఎలా ఉంది, క్లచ్ ప్లేటు ఎన్నాళ్ళు వస్తుంది అన్నవి చూడరు. పైగా పరీక్షించే మనిషి ఏదీ విప్పకూడదు. ఇంజిన్ కింద ప్లాస్టిక్ కవర్ ఉంటే దాని వెనక ఏముందో ఆయనకూ తెలియదు, లోపలి కార్పెట్ కింద నీళ్ళున్నా తెలియదు.

కాబట్టి ఈ ఏడు పాసైందన్నది పెద్ద విషయం కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబర్ ప్లేటు కొడితే చాలు, 2005 నుంచి జరిగిన ప్రతి పరీక్షా మైళ్ళతో సహా ఉచితంగా కనిపిస్తుంది. విలువంతా అక్కడుంది. ఆ వరసను ఆసుపత్రి కేస్ షీట్‌లా మొదటినుంచి చదవాలి.

పదాలు గుర్తుంచుకోండి. 2018 మే 20 నుంచి లోపాలను డేంజరస్, మేజర్, మైనర్ అని విడదీస్తున్నారు. మొదటి రెండింటిలో ఒక్కటున్నా ఫెయిల్. డేంజరస్ రాస్తే కారు అక్కడినుంచి నడిపి తీసుకెళ్ళడమే నేరం. మైనర్ ఉన్నా పాసే, కానీ బాగు చేయించమని అర్థం. అడ్వైజరీ అంటే ఇంకా లోపం కాదు, అటువైపు పోతోంది. నియర్‌సైడ్ అంటే ఫుట్‌పాత్ వైపు, అంటే కారు ఎడమ పక్క; ఆఫ్‌సైడ్ అంటే డ్రైవర్ వైపు. ఇది తెలియక కుడి చక్రం దగ్గర వంగి ఎడమ చక్రం లోపం వెతికేవాళ్ళు చాలామంది.

ఇక మీ ఐగో. 2021లో 61,200 మైళ్ళ దగ్గర పాస్. ముందు బ్రేక్ డిస్కులు అరిగాయి, వెనక టైర్లు అంచుకొచ్చాయి అని అడ్వైజరీ. ఇవి అరుగుదల సామాన్లు, పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవాల్సింది మరుసటి ఏడు అవే మాటలు మళ్ళీ ఉన్నాయా అన్నది. 2022లో లేవు. అంటే అప్పటి యజమాని మార్పించాడు. డబ్బు పెట్టే మనిషి చేతిలో ఉన్న కారని అర్థం.

2022లో 66,900 దగ్గర ఫెయిల్: నియర్‌సైడ్ ముందు కాయిల్ స్ప్రింగ్ విరిగింది. అదే రోజు మార్చి పాస్ చేయించారు. చదవడానికి భయంగా ఉంటుంది గానీ ఈ దేశంలో చిన్న కార్లకు ఇది జలుబు లాంటిది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది స్ప్రింగ్ కింది చుట్టులో చేరి రంగు లేచిపోతుంది, ఆ చోట తుప్పు పట్టి ఏదో ఒక గుంటలో టప్‌మని తెగుతుంది. ఎడమ చక్రమే గుంటల్లో ఎక్కువ పడుతుంది కాబట్టి ఎడమదే ముందు పోతుంది. దీన్ని చూసి కారు వదులుకోకండి. స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి టార్చి వేసి రెండు స్ప్రింగులూ చూడండి. ఒకటి నల్లగా కొత్తగా, ఇంకోటి ఎర్రగా ఉంటే ఒక్కటే మార్చారన్నమాట. జతగా మార్చడం పద్ధతి. రెండోదాని వంతు వస్తుంది, దాని ఖర్చు బేరంలో అడగండి.

2023లో 72,300. సైలెన్సర్ పైపు కొద్దిగా లీకు, వెనక యాక్సిల్ మీద తుప్పు అని రెండు అడ్వైజరీలు. ఈ ఐగో వెనక యాక్సిల్ ఒకే ఉక్కు దూలంలా ఉంటుంది. పైపైన తుప్పు దాదాపు అన్నింటికీ వస్తుంది, గట్టిగా గీకితే పొర లేస్తే తప్ప గాభరా పడనక్కర్లేదు.

అసలు చూడాల్సింది 2024 వరస: 73,100 మైళ్ళు. ఏడాదిలో 800 మైళ్ళే! ఎవరో చనిపోయారో, ఊరెళ్ళారో, కారు మాత్రం ఇంటి ముందు వానలో నిలబడి ఉంది. తక్కువ తిరిగిందని మనవాళ్ళు సంబరపడే చోటు ఇదే. నిలబడ్డ కారు నడిచిన కారు కంటే త్వరగా పాడవుతుంది. ఐగో వెనక బ్రేకులు డ్రమ్ములు. తడిలో నిలబడితే డ్రమ్ము లోపల తుప్పు పట్టి లైనర్లు సరిగా ఆనవు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తొడుగులో పట్టేస్తుంది, టైర్ల పక్కగోడ బీటలు వారుతుంది. 2025లో ఫెయిల్ కారణాల్లో మొదటిది ఏమిటో చూడండి: హ్యాండ్‌బ్రేక్ పట్టు చాలదు. రోలర్ల మీద హ్యాండ్‌బ్రేక్‌కు కనీసం 16 శాతం రావాలి, అది కూడా రాలేదు. ముందటి ఏడు 800 మైళ్ళకూ ఈ ఫెయిల్‌కూ నేరుగా లంకె ఉంది. డ్రమ్ములు విప్పి శుభ్రం చేసి లైనర్లు మార్చారా, లేక కేబుల్ బిగించి పాస్ చేయించారా అన్నది అడగండి. కారును కొద్దిగా ఏటవాలుగా ఉన్నచోట ఆపి లివర్ లాగండి. ఐదారు క్లిక్కుల్లో పట్టి, వదిలినప్పుడు కారు తనంతట తాను జారితే బాగున్నట్టు. వదిలాక కూడా చక్రం ఈడ్చుకుంటూ తిరిగితే కేబుల్ పట్టేసింది.

రెండో కారణం టైరు గాడి లోతు 1.6 మి.మీ. కంటే తక్కువ ఉండడం. ఇది సులువు. ఐగో సైజు 155/65 ఆర్14, చవకే. కానీ నాలుగూ చూడండి. టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత చివర నాలుగు అంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం. ఆరేడేళ్ళు దాటి పగుళ్ళుంటే గాడి లోతు ఎంతున్నా మార్చాల్సిందే.

మూడోది నియర్‌సైడ్ సిల్ తుప్పు. ఇక్కడ ఆగాలి. సిల్ అంటే తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పెట్టె లాంటి రేకు. కారుకు వెన్నుపూస అనుకోండి. సీటు బెల్టు బిగించిన చోటుకో సస్పెన్షన్ బిగించిన చోటుకో 30 సెంటీమీటర్ల లోపు రేకు తుప్పుతో బలం కోల్పోతే ఫెయిల్ చేస్తారు. మీ కారు ఫెయిలైన రెండు రోజులకు పాసైంది. రెండు రోజుల్లో మంచి వెల్డింగ్ చేయొచ్చు, చెత్త పని చేసి దాని మీద నల్ల అండర్‌కోటింగ్ కొట్టి మూసేయొచ్చు కూడా. నిబంధన ప్రకారం బరువు మోసే రేకుకు వేసే అతుకు చుట్టూ తెగకుండా వెల్డింగ్ గీత ఉండాలి. అక్కడక్కడ చుక్కలు పెట్టి మిగతాది పుట్టీతో పూడిస్తే కుదరదు. కారు కింద దూరి, లేదా పాత చాపేదైనా పరుచుకుని పడుకుని చూడండి. చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళండి. అతుకు మీద అయస్కాంతం గట్టిగా అతుక్కోవాలి. జారిపోతే కింద రేకు లేదు, పుట్టీ ఉంది. వేలి కణుపుతో కొట్టుకుంటూ వెనక్కి రండి. బాగున్న చోట ఖంగుమని మోగుతుంది, పోయిన చోట అట్టపెట్టెలా మొద్దు శబ్దం వస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, కారు ఇంకా మీది కాదు. ఆఫ్‌సైడ్ సిల్ కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. ఒక పక్క తుప్పు తినేస్తే రెండో పక్క కూడా దారిలో ఉన్నట్టే. వెల్డింగ్ బిల్లు, ఫోటోలు అడగండి. మంచి పని చేయించినవాడు సాధారణంగా ఫోటో చూపించి మరీ అమ్ముతాడు.

ఇంకో సంగతి. 2023, 2024 రెండేళ్ళూ సైలెన్సర్ లీకు రాశారు, 2025లో ఆ మాటే లేదు. మార్చి ఉండొచ్చు. లేదా వేరే గ్యారేజీలో వేరే మనిషి చూసి రాయకుండా వదిలేసి ఉండొచ్చు. అడ్వైజరీలు రాయడంలో మనిషికీ మనిషికీ చాలా తేడా. ఒకరు ప్రతి మరకా రాస్తారు, ఇంకొకరు పాస్ అని నొక్కేస్తారు. పరీక్ష ఏ గ్యారేజీలో జరిగిందో కూడా వెబ్‌సైట్‌లో చూడొచ్చు గానీ దానికి లాగ్‌బుక్ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) మీదున్న 11 అంకెల నంబర్ కావాలి. చూడ్డానికి వెళ్ళినప్పుడు అది అడిగి అక్కడే ఫోన్‌లో కొట్టండి. పైపు సంగతైతే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఎవరినైనా గుడ్డతో వెనక పైపు రెండు సెకన్లు మూయమనండి. మధ్యలో ఎక్కడైనా బుస్‌మని వినిపిస్తే లీకు అక్కడే.

ఇప్పుడు 208. ఎంఓటీలన్నీ శుభ్రంగా ఉన్నాయి, నిజమే. కానీ ఈ కారు అసలు రోగం ఎంఓటీ చూడని చోట ఉంది. ప్యూజో, సిట్రోయెన్ చిన్న కార్లలో వచ్చే ఈ 1.2 మూడు సిలిండర్ల ప్యూర్‌టెక్ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే పట్టీ) రబ్బరుది, అది ఇంజిన్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. చలిలో రెండేసి మైళ్ళు తిప్పి ఆపేస్తూ ఉంటే కాలని పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది. ఆ ఆయిల్‌కు బెల్టు రబ్బరు ఉబ్బి, పగిలి, పొట్టులా రాలుతుంది. ఆ పొట్టు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడుతుంది. అప్పుడు బెల్టు తెగకపోయినా ఆయిల్ ప్రెషర్ పడిపోయి ఇంజిన్ పోతుంది. అదే పొట్టు బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు దారిలో చేరితే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. కేర్ పని మీద ఇంటింటికీ రెండు మైళ్ళు, మూడు మైళ్ళు తిరగడం అంటే సరిగ్గా ఈ ఇంజిన్‌కు పడని వాడకం.

మీ 208 వయసు పదేళ్ళు దాటింది. కంపెనీ మొదట్లో చెప్పిన గడువే పదేళ్ళు, తర్వాత దాన్ని ఇంకా తగ్గించారు. కాబట్టి ఏ లెక్కన చూసినా బెల్టు మారి ఉండాలి. మారినట్టు బిల్లు ఉందా? అందులో బెల్టుతో పాటు సంపు (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) దించి జల్లెడ శుభ్రం చేసినట్టు ఉందా? ఏటా సరైన గ్రేడు ఆయిల్, 0డబ్ల్యూ-30, మార్చిన రాతలున్నాయా? ఈ మూడింటికీ అవునంటే 208 మీద పునరాలోచించొచ్చు. లేకపోతే 2,300కు తోడు పెద్ద రిపేరు ఖర్చు కూడా ఇప్పుడే కలుపుకుని చూడండి.

చూసుకునే వీలు కూడా ఉంది. ఇంజిన్ ఆపి చల్లారాక ఆయిల్ పోసే మూత తీసి లోపలికి టార్చి వేస్తే బెల్టు వీపు కనిపిస్తుంది. అది నల్లగా, నున్నగా, అంచులు కత్తిరించినట్టు ఉండాలి. అడ్డంగా సన్నటి పగుళ్ళున్నా, అంచున పీచు లేచినా, ఉబ్బి మెత్తగా మెరుస్తున్నా మూత పెట్టేసి నమస్కారం చెప్పండి. వెడల్పు ఎంత పెరిగిందో కొలవడానికి గ్యారేజీల్లో ప్రత్యేకమైన గేజీ ఉంటుంది, తెలిసిన మెకానిక్ ఉంటే అడగండి. బ్రేకుకు ఇంకో పరీక్ష: ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే కాలు నొక్కిపట్టి స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే వాక్యూమ్ రావడం లేదు.

ఐగో ఇంజిన్‌లో ఈ గొడవ లేదు. 998 సీసీ, మూడు సిలిండర్లు, టైమింగ్‌కు చైను. ఆయిల్ వేళకు మారిస్తే లక్ష మైళ్ళు దాటడం వింత కాదు. సిట్రోయెన్ సీ1, ప్యూజో 107 కూడా ఇదే కారు. మూడూ చెక్ దేశంలో కొలీన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. మీ ఐగో బేరం కుదరకపోతే ఇదే ఇంజిన్ ఉన్న ఆ రెండు కూడా వెతకండి. టయోటా బ్యాడ్జీ లేదని కాస్త చవగ్గా దొరుకుతాయి.

దాని బలహీనతలూ తెలిసినవే. వాటర్ పంపు లీకవుతుంది. బానెట్ తెరిచి బెల్టు వైపు చూస్తే ఎండిన గులాబీ రంగు పొలుసులా కూలెంట్ మరక కనిపిస్తుంది. ఈ కారు డాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లు లేదు, ఎర్ర లైటు మాత్రమే. అది వెలిగేసరికి ఆలస్యం కావచ్చు. అందుకే కూలెంట్ ట్యాంకు గీతల మధ్య ఉందో లేదో కొన్నాక కూడా వారానికోసారి చూడాలి. హీటర్ పెట్టి పది నిమిషాలు నడపండి. వేడి గాలి వచ్చి వచ్చి చల్లబడితే కూలెంట్ తక్కువుంది.

క్లచ్ ఇంకోటి, పాత ఐగోల్లో త్వరగా పోతుంది. ఖాళీ రోడ్డు మీద 30 మైళ్ళ వేగంలో నాలుగో గేరు వేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ అరుపు పెరిగి కారు పికప్ అందుకోకపోతే ప్లేటు జారుతోంది. క్లచ్ పెడల్ చివరిదాకా పైకొచ్చాక గానీ కారు కదలకపోయినా అంతే. క్లచ్ ఖర్చు మూడు నాలుగు వందల పౌండ్లు అనుకుని ధర తగ్గించండి.

డిక్కీలో చాప ఎత్తి స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టి చూడండి. వెనక లైట్ల రబ్బరు, పైనున్న మూడో బ్రేక్ లైటు రబ్బరు చచ్చి వాన నీళ్ళు అక్కడికి చేరడం ఈ కార్లలో మామూలు. రబ్బరు మార్చడం చిన్న పనే. కానీ ఏళ్ళ తరబడి నీళ్ళు నిలిచి కింది రేకు తుప్పు పడితే మళ్ళీ వెల్డింగ్ దాకా పోతుంది.

ఐడిల్‌లో స్టీరింగ్ సన్నగా వణుకుతుంటే కంగారొద్దు, మూడు సిలిండర్ల ఇంజిన్ తీరే అది. చూడాల్సింది ఇంజిన్ లైటు. తాళం ఆన్ చేయగానే ఆ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. వెలిగే ఉంటే ఎంఓటీ ఫెయిల్. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో దాన్ని మూసేసి ఉండొచ్చు. పదిహేను ఇరవై పౌండ్లకు దొరికే ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టి చూస్తే ఇంకో మోసం దొరుకుతుంది: కోడ్‌లు లేవు గానీ మానిటర్లు (కారు తనను తాను చేసుకునే పరీక్షలు) ఇంకా సిద్ధం కాలేదని చూపిస్తే, మీరు రావడానికి ముందే కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు.

ఐగో యాక్సిలరేటర్ పెడల్ మీద 2010లో రీకాల్ జరిగింది, 2009 ఆగస్టు లోపు తయారైనవాటికి. మీ కారుకు వర్తిస్తుందా, పని అయిందా అన్నది నంబర్‌తో అడిగితే టయోటా డీలర్ చెబుతాడు. డబ్బు తీసుకోరు.

అనుమానం తీరకపోతే ఒక దారుంది. ఎంఓటీ గడువు ఇంకా ఉన్నా కొత్తగా మళ్ళీ చేయించొచ్చు, గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు. కౌన్సిల్ నడిపే టెస్ట్ సెంటర్‌లో చేయించండి. వాళ్ళు రిపేర్లు చేయరు, కాబట్టి లేని పని పుట్టించే ఆశ, ఉన్నది దాచే అవసరం రెండూ ఉండవు. "ఫీజు నేనే ఇస్తాను, కౌన్సిల్ సెంటర్‌కు తీసుకెళ్దాం" అని అడిగితే అమ్మేవాడి మొహంలోనే సగం జవాబు దొరుకుతుంది.

ధర విషయానికొస్తే, వెల్డింగ్ బాగుండి క్లచ్ జారకపోతే ఐగోకు 1,450 దగ్గర మొదలుపెట్టి 1,550లో ముగించండి. కొన్న వారంలోపు ఆయిల్, ఫిల్టర్ మార్పించి, వెనక డ్రమ్ములు విప్పించి చూపించండి. మిగిలిన డబ్బులో కనీసం 400 పక్కన పెట్టుకోండి.

ప్రమాదంలో రైటాఫ్ అయి (బాగు చేయించడం దండగని ఇన్సూరెన్స్ వాళ్ళు వదిలేసి) తిరిగి రోడ్డెక్కిన కారా, దాని మీద ఫైనాన్స్ బాకీ ఉందా అన్నవి ఎంఓటీ చరిత్రలో కనిపించవు. వాటికి డబ్బు కట్టి వేరే చెక్ చేయించాలి, మానకండి. పాత యజమాని కట్టిన రోడ్ ట్యాక్స్ మీకు బదిలీ కాదు. ముందు ఇన్సూరెన్స్, ఆ వెంటనే లాగ్‌బుక్‌లోని ఆకుపచ్చ చీటీ మీదున్న నంబర్‌తో ట్యాక్స్, ఆ తర్వాతే తాళం తిప్పడం. ఇన్సూరెన్స్ ధర కారు చూడ్డానికి వెళ్ళకముందే కనుక్కోండి. ఇండియా లైసెన్స్ మీద ఇక్కడ 12 నెలలే నడపొచ్చు, దాని మీద ప్రీమియం ఒక్కోసారి కారు ధరను మించిపోతుంది.